కూలి డబ్బుతో ఫోను కొనేముందు

కూలినాలి చేసుకునేవాడికి టచ్ ఫోను ఎందుకు, సోకు కాకపోతే - అని ఎత్తిపొడిచే పెద్దమనుషులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకొక మాట చెప్పాలి. ఆ సోకును కూలివాడు కోరి తెచ్చుకోలేదు. సర్కారే తెచ్చి నెత్తిన పెట్టింది. ఉపాధి పనిలో హాజరును ఫోనుతో ఫోటో తీసి పంపే పద్ధతి 2021 మేలో మొదలైంది. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే చోట్ల 2022 మే 16 నుంచి తప్పనిసరి చేశారు. 2023 జనవరి 1 నుంచి ఏ పనిచోటైనా అదే అన్నారు. పొద్దున ఒక ఫోటో, మధ్యాహ్నం ఇంకో ఫోటో. సిగ్నలు లేకపోయినా, మేటు చేతిలోని ఫోను మొరాయించినా, ఎత్తిన మట్టి లెక్కలోకి రాకుండాపోయే గండం. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బు కూడా ఆధార్ ఆధారంగానే అన్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. చట్టం పేరు మారింది, వంద రోజులు నూట ఇరవై అయిదు అన్నారు. ఫోటోలూ వేలిముద్రలూ మాత్రం పోలేదు.

ఇంత చేసి దొంగ హాజరు ఆగిందా అంటే, అదీ లేదు. ఫోటోకే ఫోటో తీసి పంపుతున్నారని, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే స్వయంగా సర్క్యులరు ఇచ్చుకోవాల్సివచ్చింది. దొంగలకు దారి దొరికింది, నికరంగా పలుగూపారా పట్టినవాళ్లకు ఫోను ఖర్చు తగిలింది.

ఉపాధి పని ఒక్కటేనా? కుల ధ్రువపత్రం కావాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా వాట్సాప్‌లోనే అయిపోతుందని రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పెట్టింది. మంచిదే. ఆఫీసు మెట్లెక్కి దిగే తిప్పలు కొంత తగ్గుతాయి. కానీ ఆ వాట్సాప్ ఉండే ఫోనెవరిస్తారు? కొడవలి, పార, తట్ట ఎట్లా పనిముట్లో ఫోనూ అట్లాగే పనిముట్టయింది. పనిముట్టు కొనేవాడు పదును చూస్తాడు, పిడి చూస్తాడు, పైన పూసిన రంగు చూసి మోసపోడు. కానీ సూళ్లూరుపేట బజారులో అద్దాల కొట్టు ముందు నిలబడేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో! తళతళలాడే వెనక భాగం, నాలుగు కెమెరాల గుండ్రాలు చూసి చెయ్యి జేబులోకి పోతుంది. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాం. ఫలానా కంపెనీ ఫోనే కొనమని చెప్పడం మా పని కాదు. ఏం చూసి కొనాలో, ఎక్కడ మోసం ఉందో చెప్పడం మా పని.

ముందు కూలి లెక్క కడదాం

ధరను రూపాయల్లో చూస్తే మనకు తెలియదు, పనిదినాల్లో చూడాలి. 2025-26కు మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలని కేంద్రం ప్రకటించింది. కొలతల్లో కోతపోను చేతికొచ్చేది అంతకంటే తక్కువేనని మనందరికీ తెలుసు. సరే, 307 అనే అనుకుందాం. ఎనిమిది వేల రూపాయల ఫోను కొంటే ఇరవై ఆరు రోజుల కూలి. తినకుండా, తాగకుండా, పిల్లలకు మందుబిళ్ల కొనకుండా ఇరవై ఆరు రోజులు.

ఆ ఎనిమిది వేలలో సర్కారు వాటా ఎంతో చూడండి. సెల్‌ఫోన్ల మీద జీఎస్టీని 2020 ఏప్రిల్ 1 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. 2025 సెప్టెంబరు 22న పన్నులు తగ్గించామని పెద్దగా చాటింపు వేశారు గదా, అప్పుడు ఏసీల మీద, పెద్ద టీవీల మీద 28 నుంచి 18కి దించారు. సెల్‌ఫోను మాత్రం 18 దగ్గరే ఉండిపోయింది. చల్లగాలి మిషనుకూ, మట్టిపని హాజరు వేసే ఫోనుకూ ఒకటే పన్ను! ఎనిమిది వేల ఫోనులో పన్ను భాగం పన్నెండు వందల ఇరవై రూపాయలు. అంటే నాలుగు రోజుల కూలి. ఫోను తప్పనిసరి చేసేదీ వాళ్లే, దాని మీద పన్ను పిండేదీ వాళ్లే.

ఇంకో విచిత్రం మన గడపలోనే ఉంది. 2015 ఆగస్టులో షియోమీ కంపెనీ ఈ దేశంలో తయారైన తన మొదటి ఫోనని చెప్పి, రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖలో విడుదల చేసింది. ధర 6,999 రూపాయలు. అది ఎక్కడ తయారైంది? మన తడ పక్కనున్న శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కంపెనీ షెడ్డులో. చిప్పులు, తెరలు విదేశాల నుంచి వస్తే ఇక్కడ బిగించారు. బిగించిన చేతులు ఎక్కువభాగం చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలవి. తెల్లవారకముందే కంపెనీ బస్సుకోసం రోడ్డు మీద నిలబడే ఆ పిల్లల్లో మన వ్యవసాయ కూలీల బిడ్డలు ఎందరో. కూతురు బిగించిన ఫోను తల్లి కొనాలంటే నెల రోజులు కలుపు తీయాలి. అదీ సంగతి.

కళ్లం, గాదె

ఇక ఫోనులో ఏం చూడాలి? కొట్లో కుర్రవాడు "అన్నా, ఎయిట్ జీబీ ర్యామ్, ఫిఫ్టీ మెగాపిక్సెల్, వన్ ట్వెంటీ హెర్ట్జ్" అని గుక్క తిప్పుకోకుండా వల్లిస్తాడు. అందులో మనకు పట్టాల్సినవి రెండే. ఒకటి ర్యామ్, రెండోది స్టోరేజి. ఇవి ఏమిటో తెలిస్తే సగం మోసం తప్పుతుంది.

స్టోరేజి అంటే గాదె. ఫోటోలు, వాట్సాప్, యాప్‌లు, అన్నీ అందులో ఉంటాయి. కరెంటు పోయినా, ఫోను ఆపేసినా గాదెలో గింజలు గాదెలోనే ఉంటాయి. ర్యామ్ అంటే కళ్లం. గాదెలో ఎంత ఉన్నా, నూర్చి తూర్పార పట్టేది కళ్లంలోనే. కళ్లం చిన్నదైతే ఒక కుప్ప తీసి పక్కన పెడితేగాని ఇంకో కుప్ప వేయలేం. ఫోను కూడా అంతే. ర్యామ్ తక్కువైతే హాజరు యాప్ తెరిచేసరికి వాట్సాప్ మూసుకుపోతుంది, ఓటీపీ చూసి వచ్చేలోపల బ్యాంకు యాప్ మళ్లీ మొదటికొస్తుంది. "ఫోను ఇరుక్కుపోతా ఉండాదన్నా" అని మనవాళ్లు అనేది ఇదే.

కొత్తగా కొనేవాళ్లు 4 జీబీ కళ్లం, 64 జీబీ గాదెకు తక్కువ కొనవద్దు. ఇది మా సొంత కల్పన కాదు. ఉద్యోగ పింఛను తీసుకునేవాళ్లు ఇంటి నుంచే ముఖం చూపి జీవన ప్రమాణ్ ఇవ్వదలిస్తే, ఫోనులో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి ఉండాలని సర్కారే చెప్పింది. నెలకు వెయ్యి రూపాయల ఈపీఎస్ పింఛను వచ్చే ముసలి కార్మికుడు ఆ ఫోను ఎట్టా కొంటాడో మాత్రం చెప్పలేదు.

32 జీబీ ఫోను చౌకగా వస్తే కొందామా అని చాలామంది అడుగుతుంటారు. వద్దు. ఫోను నడవడానికి అవసరమైన సరంజామాయే అందులో సగం దాకా మింగేస్తుంది. మిగిలిన జాగాను వాట్సాప్ గ్రూపుల గుడ్‌మార్నింగ్ బొమ్మలు ఆరు నెలల్లో నింపేస్తాయి. ఇక రోజూ ఏదో ఒకటి చెరుపుకోవడమే పని. పిల్లవాడి స్కూలు కాగితం ఫోటో కూడా ఆ చెరుపుళ్లలో పోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025 ఏప్రిల్‌లో రెడ్‌మీ ఏ5 అనే ఫోను వచ్చింది. 3 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి ఉన్నది 6,499 రూపాయలు. 4 జీబీ, 128 జీబీ ఉన్నది 7,499. వెయ్యి రూపాయల తేడాకు కళ్లం కొంచెం పెరిగింది, గాదె రెండింతలయింది. వెయ్యంటే మూడు రోజుల కూలికి పైగానే, కాదనం. కానీ చిన్నది ఏడాదిన్నరలో మూలపడి, పెద్దది మూడేళ్లు నడిస్తే ఏది చౌక? ఈ లెక్క ఒక్క ఆ ఫోనుకే కాదు, దేనికైనా వర్తిస్తుంది. మిగతా ఏ సోకునైనా వదులుకోండి, కళ్లం గాదెల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

ఇప్పుడు మోసం సంగతి. పెట్టె మీద పెద్దక్షరాలతో '8 జీబీ ర్యామ్' అని ఉంటుంది. పక్కన చీమ తలకాయంత అక్షరాలతో '4+4' అని ఉంటుంది. అసలు ర్యామ్ నాలుగే. ఇంకో నాలుగు, గాదెలో ఒక మూల ఊడ్చి దాన్నే కళ్లమని పిలవడం. గాదెలో నూర్పిడి చేస్తే ఎట్టా ఉంటుంది? పని నత్తనడక. కొట్టువాడిని "ఈ ప్లస్ ఏంది తమ్ముడూ, అసలెంత?" అని నిలదీయండి. అడిగినవాడికి నిజం చెబుతాడు, అడగనివాడికి ఎనిమిదే చెబుతాడు.

కెమెరా విషయమూ ఇంతే. యాభై మెగాపిక్సెల్ అన్నంత మాత్రాన ఫోటో బాగా రాదు. వెనక నాలుగు గుండ్రాలుంటే అందులో ఒకటో రెండో ఉత్త అలంకారం. మనకు కావాల్సింది పాస్‌బుక్కు పేజీ ఫోటో తీస్తే అంకెలు చదవగలగడం. జేబులో ఆధార్ కార్డు ఉంటుంది గదా, కొట్లోనే దాన్ని ఫోటో తీసి, పెద్దది చేసి చూడండి. అంతకంటే పరీక్ష లేదు. 120 హెర్ట్జ్ అంటే తెర మీద బొమ్మ నునుపుగా జారడం. ఉంటే మంచిదే, దానికోసం వంద రూపాయలు కూడా ఎక్కువ పెట్టనక్కరలేదు.

ఎండలో చూడండి

పట్నంవాళ్లు ఫోను కొనేటప్పుడు చూడని సంగతులు మనం చూడాలి. వాళ్లు నీడన కూర్చుని చూస్తారు, మనం గట్టు మీద నిలబడి చూస్తాం. చౌక ఫోన్లలో చాలావాటికి మధ్యాహ్నం ఎండలో తెర మీద ఏమీ కనబడదు. కాబట్టి కొట్లో దీపాల వెలుతురులో చూసి మురిసిపోకుండా, "ఒక్క నిమిషం బయటికి తెస్తా" అని చెప్పి రోడ్డు మీద ఎండలో తెరను చూడండి. కొట్టువాడు సణిగితే సణగనీండి. ఎనిమిది వేలు మీవి.

బ్యాటరీ 5000 ఎంఏహెచ్‌కు తగ్గకూడదు. తుపాను వచ్చినప్పుడు మన పులికాట్ ఒడ్డు పల్లెల్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పేవాడుండడు. అప్పుడు ఫోను బతికి ఉండటమే ముఖ్యం. పెట్టెలో చార్జరు ఉందో లేదో కూడా కొనకముందే అడగండి. కొన్ని కంపెనీలు చార్జరు తీసేసి, దాన్ని పర్యావరణ సేవ అంటున్నాయి. ఆ సేవకు నాలుగైదు వందలు మనమే విడిగా పెట్టుకోవాలి.

సరస్సు మీద వేటకుపోయే బెస్తవాళ్లకు, రొయ్యల గుంటల్లో పనిచేసే వాళ్లకు, నాట్లేసే ఆడవాళ్లకు నీళ్లే అసలు శత్రువు. చౌక ఫోన్లలో నీటిచుక్కలను తట్టుకుంటాయని రాసి ఉన్నా, నీళ్లలో పడితే తట్టుకుంటాయని కాదు అర్థం. ఉప్పుగాలికి చార్జింగు రంధ్రం తుప్పు పడుతుంది. మంచి ప్లాస్టిక్ సంచి ఒకటి, గట్టి రబ్బరు తొడుగు ఒకటి, ఇవి ఫోనుతోబాటే కొనండి. తెరమీద అద్దం రేకు సరేసరి.

చదువురానివాళ్లు టచ్ ఫోను మాకెందుకని వెనకాడనక్కరలేదు. ఏ ఆండ్రాయిడ్ ఫోనులోనైనా భాషను తెలుగుకు మార్చుకోవచ్చు. మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే రాసిపెడుతుంది. అది కొట్లోనే చేయించుకుని రండి. పొలాల్లో పనిచేసేవాళ్లు పిడుగుల సంగతి చెప్పే 'దామిని' యాప్ కూడా వేయించుకోవాలి. పుణె వాతావరణ పరిశోధన సంస్థవాళ్లు చేసింది, ఉచితమే. పిడుగుపాటుకు చచ్చేవాళ్లు మేడల్లో వాళ్లు కాదు గదా.

5జీ గొడవ ఒకటి ఉంది. దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. ఇప్పుడు ఏ కొట్లో అడిగినా "5జీ తీసుకోండి, 4జీ ఇక ఉండదు" అంటారు. హాజరుకూ, వాట్సాప్‌కూ, డబ్బు పంపడానికీ 4జీ బ్రహ్మాండంగా చాలు. అదే డబ్బుకు 5జీ అని పేరు పెట్టుకున్న ఫోను కొంటే వేరేచోట కోత పెట్టి ఉంటారు. పైగా 5జీ అన్నంత మాత్రాన అన్ని కంపెనీల 5జీ రాదు. 2024 నవంబరులో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ఫోను జియో 5జీని అందుకునేది, ఎయిర్‌టెల్ వాడుతున్న పద్ధతి 5జీని అందుకోలేకపోయింది. పెట్టె మీద మాత్రం 5జీ అనే ఉంది. కాబట్టి మీ ఇంటి దగ్గర, మీరు పనిచేసే చోట ఏ సిమ్‌కు సిగ్నలు బాగా అందుతుందో ముందు కనుక్కోండి. ఆ తర్వాతే ఫోను.

ఎన్నేళ్లు రక్షణ అప్‌డేట్లు ఇస్తారన్నది ఎవరూ అడగని ప్రశ్న. అప్‌డేట్లు ఆగిన ఫోను తలుపు గడియ విరిగిన ఇల్లు లాంటిది. బ్యాంకు యాప్‌లు క్రమంగా అందులో పనిచేయడం మానేస్తాయి. చౌక ఫోన్లకు రెండేళ్లిచ్చి చేతులు దులుపుకోవడం చాలాకాలం అలవాటుగా ఉండేది. 2025లో సామ్‌సంగ్ తన పదివేల లోపు ఫోను ఎఫ్06 5జీకి నాలుగేళ్లు ఇస్తామన్నది. అంటే ఇవ్వడం సాధ్యమే, ఇన్నాళ్లూ ఇవ్వలేదంతే.

కంపెనీ సర్వీసు సెంటరు ఎక్కడుందో కూడా కొనేముందే అడగాలి. సూళ్లూరుపేటలో లేదు, నెల్లూరో తిరుపతో పోవాలంటే, ఇచ్చిరావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఒక రోజు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కాని పోయిన పనిదినాల కూలి ఎవరిస్తారు?

సున్నా వడ్డీ మాయ

మొత్తం డబ్బు ఒకేసారి పెట్టలేనివాళ్లకు కొట్లోనే కంతుల మీద ఇచ్చే ఫైనాన్సు మనిషి కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. "జీరో వడ్డీ అన్నా, ఆధార్ ఇస్తే చాలు." ఒక లెక్క వేసి చూద్దాం. ఫోను తొమ్మిది వేలు అనుకోండి. చేతినుంచి రెండు వేలు కట్టారు. మిగిలిన ఏడు వేలకు నెలకు వెయ్యి చొప్పున ఎనిమిది కంతులు. ఫైలు చార్జీ అని ముందే అయిదు వందలు. మొత్తం ఎంతయింది? ఏడు వేలకు పదిహేను వందలు అదనం. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది గనుక, ఇది ఇంచుమించు నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీ. ఊళ్లో వడ్డీ వ్యాపారి అయిదు రూపాయలంటే ధర్మంకాదని తిట్టిపోస్తాం. ఏసీ కొట్లో టై కట్టుకున్నవాడు అదే వడ్డీ తీసుకుంటే థాంక్స్ చెప్పి వస్తాం.

వడ్డీతో పోతే బాగుండేది. ఆ ఫోనులో ఫైనాన్సువాళ్లు ఒక తాళం యాప్ పెట్టి ఇస్తారు. కంతు తప్పిన మరుసటి రోజు ఫోను బిగుసుకుపోతుంది. వానలకు పది రోజులు పనిలేక కంతు ఆగిందనుకోండి, పని దొరికే ఫోనే మూసుకుపోయింది. ఇక కంతు కట్టే దారేది? బాకీ కింద ఎద్దులను తోలుకుపోయి, సేద్యం చేసి బాకీ తీర్చమన్న షావుకారు కథే ఇది. కంతు తప్పినవాళ్ల ఫోన్లకు ఇలా దూరం నుంచి తాళం వేసే అధికారాన్ని అప్పులిచ్చేవాళ్లకు ఇచ్చే విషయం రిజర్వు బ్యాంకు ఆలోచిస్తున్నదని 2025 సెప్టెంబరులో వార్తలొచ్చాయి. అప్పిచ్చినవాడి హక్కు గురించి ఇంత ఆలోచించే పెద్దలు, పనిముట్టును జప్తు చేయకూడదన్న పాత న్యాయాన్ని కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి. మా సలహా అడిగితే, అప్పు తప్పనిసరి అయితే పొదుపు సంఘంలో తీసుకోండి. వడ్డీ తక్కువ, పైగా ఆ వడ్డీ మన అక్కచెల్లెళ్ల సంఘానికే చేరుతుంది. తాళం యాప్ ఉండదు.

పాత ఫోను కొనడం తప్పేమీ కాదు. అయిదారు వేలలో మంచి ఫోనే దొరకవచ్చు. కాని బిల్లు లేకుండా, పెట్టె లేకుండా ఎంత చౌకకిచ్చినా ముట్టుకోకండి. దొంగిలించిన ఫోన్లను దేశమంతా మూతవేసే కేంద్ర పద్ధతి 'సంచార్ సాథీ' 2023 మే 16 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. దొంగ ఫోను కొన్నారంటే ఒక రోజు అది మూగబోతుంది, ఆ తర్వాత పోలీసులు మీ గడపకొస్తారు. కొనేముందు ఆ ఫోనులో *#06# నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. మెసేజిలో ఇంగ్లీషు అక్షరాలు కేవైఎం కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు పంపండి. అది ఏ ఫోనో, మూతపడిందో లేదో జవాబొస్తుంది. అమ్మేవాడి గూగుల్ ఖాతాను మీ ఎదురుగానే తీయించండి.

కొత్తదైనా పాతదైనా బిల్లు తీసుకోవాలి. "బిల్లు లేకుండా అయితే మూడు వందలు తగ్గిస్తా" అన్న మాటకు లొంగవద్దు. బిల్లు ఉంటేనే వారంటీ, బిల్లు ఉంటేనే ఫిర్యాదు. కొట్టువాడు ఎగ్గొడితే 1915కు ఫోను చేయవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండానే కేసు వేయవచ్చు. సంఘాల కార్యకర్తలు ఈ రెండు సంగతులు ప్రతి గుంపు మీటింగులోనూ చెప్పాలి.

అసలు పగ్గం రీచార్జి

ఫోను ఒకసారి కొంటాం. రీచార్జి జీవితాంతం. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు మూడూ రెండు రోజుల తేడాలో రేట్లు పెంచాయి. ఒకదాన్ని చూసి ఒకటి పెంచడాన్ని పోటీ అంటారో, కూడబలుక్కోవడం అంటారో చదువరులే చెప్పాలి. ఆ పెంపు తర్వాత 28 రోజులకు అతి తక్కువ రకం ఎయిర్‌టెల్‌లో 199 అయింది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో రకం 239 నుంచి 299కి పోయింది. నెలకు ముప్పై రోజులుంటే వాళ్లకు ఇరవై ఎనిమిదే! దాంతో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జీలు. 199 చొప్పున ఏడాదికి 2,587 రూపాయలు, ఎనిమిదిన్నర రోజుల కూలి. 299 చొప్పున 3,887 రూపాయలు, దాదాపు పదమూడు రోజుల కూలి. మూడేళ్లు వాడితే ఫోను ధరకంటే రీచార్జే బరువు. కాబట్టి ఫోనుకు డబ్బు లెక్కవేసుకునేటప్పుడే రీచార్జి కూడా వేసుకోవాలి.

ఇంట్లో ముగ్గురికి మూడు టచ్ ఫోన్లు ఎందుకు? ఒక మంచి టచ్ ఫోను, మిగతావాళ్లకు బటన్ ఫోన్లు చాలు. ఉత్త మాటలకే పనికొచ్చే రీచార్జి విడిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. ఆ రకం ఉన్నదని కొట్టువాడు తనంతట తాను చెప్పడు, అడగాలి. డబ్బు పంపడానికి కూడా బటన్ ఫోను పనికొస్తుంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ ఫోన్ల కోసమే యూపీఐ 123పే పెట్టించింది.

అయితే ఆ ఒక్క మంచి ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది అసలు ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు 54 శాతమే. ఉపాధి పనికి ఎక్కువగా పోయేది ఆడవాళ్లు. కూలి పడేది ఆమె ఖాతాలో. ఓటీపీ వచ్చేది మాత్రం లోకల్ బండెక్కి మద్రాసు పనికిపోయిన మగడి ఫోనుకో, కొడుకు ఫోనుకో. కూలి పడిందో లేదో తెలుసుకోవడానికి ఆమె సాయంత్రం దాకా కాచుకోవాలి. పడిందని తెలిసేలోపల అది ఎటో పోయి ఉంటుంది. ఇంట్లో ఒక్క ఫోనే కొనగలిగితే అది ఎవరి పేర జాబ్‌కార్డు, ఎవరి పేర ఖాతా ఉందో ఆమె చేతికే ఇవ్వాలి. ఆధార్‌కు ఆమె నంబరే జోడించాలి. ఈ మాట కొందరు అన్నలకు రుచించదని తెలుసు. అయినా రాస్తున్నాం.

ఆ ఫోనుకు పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో ఏపీకే ఫైళ్లు వస్తాయి. నొక్కితే ఖాతా ఊడ్చుకుపోతుంది. నొక్కకూడదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే 1930కు ఫోను చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

రీచార్జి విషయంలో బీఎస్ఎన్ఎల్ మాట చెప్పకపోతే తప్పవుతుంది. 2016 సెప్టెంబరులో జియో 4జీ మొదలుపెట్టింది. సర్కారు సొంత సంస్థ తన స్వదేశీ 4జీని దేశమంతా ప్రారంభించుకున్నది 2025 సెప్టెంబరు 27న. తొమ్మిదేళ్లు! పరుగుపందెంలో సొంత ఎద్దును గుంజకు కట్టేసి, పక్కవాడి ఎద్దు గెలిచిందని చప్పట్లు కొట్టినట్టుంది. ఇప్పటికైనా వచ్చింది. మీ ఊళ్లో దాని సిగ్నలు అందితే ఖర్చు కలిసొస్తుంది. ఫోను కొనేటప్పుడు '4జీ బ్యాండ్ 28 ఉందా' అని అడగండి. బీఎస్ఎన్ఎల్ 4జీకి వాడుతున్న 700 మెగాహెర్ట్జ్ అంటే అదే. అన్ని ఫోన్లలోనూ అది ఉండదు.

చివరగా ధరల సంగతి. ఆగితే తగ్గుతాయేమో అని ఎదురుచూసేవాళ్లకు చెబుతున్నాం, రోజులు అటువైపు లేవు. ఫోనులో వేసే మెమరీ చిప్పుల తయారీలో పెద్దభాగం సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల చేతిలో ఉంది. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్దపెద్ద డేటా కేంద్రాలు ఎక్కువ ధరిచ్చి ఆ చిప్పులను ఎత్తుకుపోతున్నందువల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోయాయి. కంపెనీలకు లాభం ఎక్కడ ఎక్కువో అక్కడికే చిప్పులు పోయాయి. లాభం అతి తక్కువగా ఉండేది చౌక ఫోనులోనే గనుక దెబ్బ మొదట తగిలింది దానికే. విశాఖలో గూగుల్ పదిహేను వందల కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడుతుందని 2025 అక్టోబరు 14న ఒప్పందం చేసుకున్నారు. అలాంటి కేంద్రాలకు భూమి, నీళ్లు, కరెంటు, రాయితీలు ఇవ్వడానికి ఖజానాలో డబ్బుంటుంది. ఉపాధి పనిలో హాజరు వేసే మేటుకు ఎనిమిది వేల ఫోను ఇవ్వడానికి ఉండదు.

మేటు సొంత ఫోను, సొంత డేటా పెట్టి సర్కారు పని చేస్తున్నాడు. తహసీల్దారు తన జేబులో డబ్బుతో ఆఫీసు కంప్యూటరు కొనుక్కుంటున్నాడా? పనిచోట హాజరుకు ఫోను తప్పనిసరి అన్నప్పుడు ఆ ఫోను, నెలనెలా దాని రీచార్జి పని ఖర్చులోనే పడాలి. పదివేల లోపు ఫోన్ల మీద పన్ను 5 శాతానికి దించాలి. ఫోను చెడిపోయిన రోజు కాగితం మీద మస్టరు వేసి కూలి ఇవ్వాలి. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల్లో గుంపులు సమావేశమైనప్పుడు ఈ మూడింటినీ అర్జీలో రాసి, సంతకాలు, వేలిముద్రలు పెట్టించి ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదును కూడా ఫోటో తీసి ఉంచుకోండి.